రెండు గోపురాలు ఒకటయ్యే దాకా

సీతానగరం వైపు నుంచి వస్తూ ప్రకాశం బ్యారేజీ మధ్యలో ఆగి, ఇంద్రకీలాద్రి మీది అమ్మవారి గుడి గోపురం వైపు కొందామనుకున్న ఒక పాత రేంజ్‌ఫైండర్ కెమెరా ఎత్తి చూశాను. కిటికీలో రెండు గోపురాలు కనిపించాయి. ఒకటి స్పష్టంగా ఉంది. రెండోది దాని పక్కనే వెలిసిపోయిన నీడలా ఉంది. లెన్స్ రింగును అతిదూరానికి పెట్టిన అనంతం గుర్తు దాకా తిప్పాను. నీడ జరిగి జరిగి, అసలు గోపురానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. కెమెరా తిరిగి ఇచ్చేశాను. "ఈపాటి తేడాకే వద్దంటారా?" అని అమ్మే ఆయన నొచ్చుకున్నారు. ఆ కెమెరా పనితనమంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉందని బ్యారేజీ మీద, లారీల హారన్ల మధ్య వివరించడం నా వల్ల కాలేదు.

సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసుకుని చూడండి, దారం పక్కనుంచి పోతుంది. రెండు కళ్లూ ఒకే సూదిని రెండు చోట్ల నుంచి చూస్తేనే అది ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్ కెమెరాకు కూడా ముందువైపు రెండు కళ్లుంటాయి. ఒకటి మనం చూసే కిటికీ. రెండోది దానికి కొన్ని సెంటీమీటర్ల అవతల ఉండే చిన్న రంధ్రం. రెండో కంట్లో పడ్డ బొమ్మ అద్దాల మీదుగా వచ్చి, మొదటి కిటికీ నడుమ ఉన్న చిన్న వెలుగు మచ్చలో కనిపిస్తుంది. లెన్స్ రింగు తిప్పితే లోపల ఒక మీట కదిలి ఆ బొమ్మను పక్కకు జరుపుతుంది. రెండు బొమ్మలూ ఒకటిగా కలిసినప్పుడు ఫోకస్ కుదిరినట్టు. 1932లో లైకా 2, కాంటాక్స్ కెమెరాలు ఈ పద్ధతి తొలి రూపంతో వచ్చాయి. 1954 నాటి లైకా ఎం3 దాన్ని ఎంత బాగా మలిచిందంటే, ఆ బాటలోనే లైకా ఇప్పటికీ కెమెరాలు తయారు చేస్తోంది.

ఇందులో అసలు మెలిక ఒకటే. మనం చూసేది లెన్స్ గుండా కాదు, పక్కనున్న కిటికీ గుండా. ఈ కెమెరాల సుగుణాలూ అవలక్షణాలూ అన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఎస్ఎల్ఆర్ కెమెరాలు లెన్స్ గుండానే చూపిస్తాయి, అందుకు లెన్స్ వెనక ఒక అద్దం ఊగుతుంది. ఇక్కడ ఆ ఊగే అద్దం లేదు కాబట్టి బటన్ నొక్కినప్పుడు చూపు చీకటి కాదు, చప్పుడు తక్కువ, చెయ్యి అదరదు. చట్రం బయట నడిచి వస్తున్న మనిషి కూడా ముందే కనిపిస్తాడు. అయితే లెన్స్ మీద మూత ఉన్నా కిటికీలో లోకం చక్కగానే కనిపిస్తుంది. ఉండవల్లి గుహల దగ్గర 36 ఫోటోలు మూత తీయకుండా తీసిన ఘనత నాది. రీలు కడిగిన కుర్రాడు మర్యాదస్తుడు, "రీలు పాతదేమో సార్" అన్నాడు.

దగ్గరి వస్తువులూ, దూరపు వస్తువులూ ఈ కెమెరాకు చిక్కవు. చాలా లెన్సులు 70 సెంటీమీటర్లకో, మీటరుకో ఆగిపోతాయి. 135 మి.మీ. దాటిన, అంటే దూరాన్ని బాగా దగ్గరికి లాగే, లెన్సును కిటికీ పట్టలేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో కొంగల గూళ్లు తీయాలన్నా, మిర్చి యార్డులో ఒక్క ఎండుమిరప తొడిమను నిలువెత్తున చూపాలన్నా మామూలు ఎస్ఎల్ఆర్ కొనుక్కోండి. సగం ధరకే వస్తుంది, పని రెండింతలు చేస్తుంది. మనుషులు, వీధులు, ఇళ్లు, రైలు పెట్టెలు తీసేవాళ్ల కోసమే ఈ మిగతా కథ.

కొనాలనుకునేవాళ్లు సాధారణంగా పేరుతో మొదలుపెడతారు: లైకానా, కానన్‌నా, యాషికానా? నేనైతే వేళతో మొదలుపెట్టమంటాను. మీరు కెమెరా తీసేది ఏ వేళ?

ఎందుకో చెబుతాను. నిండు ఎండలో అపెర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, సంఖ్య పెద్దదైతే రంధ్రం చిన్నది) ఎఫ్/16, షట్టర్ వేగం సెకనులో రీలు మీది వేగపు సంఖ్యకు దగ్గరి వంతు అనేది పాత స్టూడియోల వాళ్లందరికీ తెలిసిన లెక్క. 400 రీలు వేసుకుని ఏప్రిల్ మధ్యాహ్నం విజయవాడ బీసెంట్ రోడ్డులో నిలబడితే ఎఫ్/16 దగ్గర సెకనులో 500వ వంతు కావాలి, ఎఫ్/11 దగ్గర 1000వ వంతు. 35 మి.మీ. లెన్సును ఎఫ్/11కి మూసి, నాలుగు మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే సుమారు రెండు మీటర్ల నుంచి కొండల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. అంటే మన ఎండలో పట్టపగలు ఫోకస్ చేయాల్సిన పనే లేదు. వేలు పోసి కొన్న రెండో కన్ను ఖాళీగా కూర్చుంటుంది. లక్ష పెట్టి కొన్న ఎఫ్/1.4 లెన్సు కూడా అంతే. దాన్ని పూర్తిగా తెరవాలంటే షట్టర్ వేగం 64,000వ వంతు ఉండాలి. అలాంటి ఫిల్ము కెమెరా ఎక్కడా లేదు.

రేంజ్‌ఫైండర్ తన కూలి తాను సంపాదించుకునేది దీపాలు పెట్టే వేళ. వన్‌టౌన్‌లో కొట్ల ముందు లైట్లు వెలిగాక, బండి మీద పుణుగులు వేగుతున్నప్పుడు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకం సాగుతున్నప్పుడు. కొట్టు వెలుతురు బాగా పడే వీధిలో 400 రీలుకు ఎఫ్/2, 60వ వంతు దాదాపు సరిపోతుంది. మసక వెలుతురులో ఎస్ఎల్ఆర్ తెర మసకబారి తికమక పెట్టే చోట, రెండు బొమ్మలు కలిశాయా లేదా అన్నది ఇక్కడ తేటగా తెలుస్తుంది. వేసవిలో మన ఊళ్లో మనిషన్నవాడు బయటికి వచ్చేది కూడా ఆ వేళకే కదా. అందుకే ఎంచే కెమెరాను సాయంత్రం ఆరున్నరకు పనికొస్తుందా అని ఎంచాలి.

సాయంత్రం పని చేయాలంటే ఆ రెండు కళ్ల మధ్య ఎడం ముఖ్యం. ఎడం ఎక్కువైతే కొలత కచ్చితం. అయితే ఆ బొమ్మను మనం చూసే కిటికీ కొంత చిన్నది చేసి చూపిస్తుంది కాబట్టి, అసలు ఎడాన్ని కిటికీ చూపే పరిమాణంతో గుణించాలి. వచ్చినదే నిజమైన బలం. లైకా ఎం3లో కళ్ల ఎడం 68.5 మి.మీ., కిటికీ 0.91 రెట్లు, కనుక బలం 62 మి.మీ. ఎం2 నుంచి నేటి ఎం6 దాకా ఎక్కువ వాటిలో కిటికీ 0.72 రెట్లు, బలం 50 లోపు. జపాన్ కంపెనీ కొసీనా తయారు చేసిన జైస్ ఐకాన్‌కు 75 మి.మీ. ఎడం, బలం 55. కానన్ పి కిటికీ లోకాన్ని ఉన్నదున్నట్టు చూపుతుంది, బలం 41. కొసీనాదే ఫోగ్ట్‌లాండర్ బెస్సా ఆర్2లో ఎడం 37 మి.మీ. మాత్రమే, బలం 25కు కాస్త పైన. బుల్లి లైకా సీఎల్‌లో 19.

మరి ఎంత బలం కావాలి? మామూలు కంటి చూపునూ, ఫిల్ము మీద 0.03 మి.మీ. మసకనూ ప్రమాణంగా తీసుకుని లెక్క వేస్తే 35 మి.మీ. ఎఫ్/1.4కి 9 మి.మీ. చాలు. 50 మి.మీ. ఎఫ్/2కి పన్నెండున్నర, ఎఫ్/1.4కి 18. 90 మి.మీ. ఎఫ్/2కి ఒక్కసారిగా 40కి ఎగబాకుతుంది, 135 ఎఫ్/4కి 45 దాటుతుంది. ఇవి కాగితం మీది అంకెలు. అరవై ఏళ్ల యంత్రం అరుగుదల, చెమట పట్టిన కళ్లద్దాలు, కదిలే మనిషి, ఇవన్నీ కలుపుకుంటే రెట్టింపు చేతిలో ఉంచుకోవడం మంచిదని నా అనుభవం. అలా చూస్తే బెస్సా మీద 35, 50 ఎఫ్/2 లెన్సులు నిశ్చింతగా వాడుకోవచ్చు, 90 ఎఫ్/2 మాత్రం పెట్టకూడదు. సీఎల్ మీద దానితో వచ్చిన 40 మి.మీ. ఎఫ్/2 చక్కగా సరిపోతుంది. ఎం3 మీద 50 ఎఫ్/1.4 దాకా నిశ్చింతే, 90 ఎఫ్/2, 135 ఎఫ్/4 కూడా కాగితం లెక్కకు సరిపోతాయి, రెట్టింపు మాత్రం మిగలదు. కెమెరా పేరుకూ ధరకూ వెనకున్న రహస్యంలో సగం ఈ గుణకారమే.

మిగతా సగం చట్రాల గీతలు. కిటికీ ఒక్కటే, లెన్సులు అనేకం. అందుకని ఏ లెన్సుకు ఎంత మేర పడుతుందో చూపే వెలుగు గీతలు కిటికీలోనే ఉంటాయి. ఎం3లో 50, 90, 135 గీతలున్నాయి, 35కి లేవు. ఎం2లో 35, 50, 90. బెస్సా ఆర్3ఎలో 40 మి.మీ. గీత ఉంది, 35 లేదు. ఆర్4ఎలో 21 దాకా ఉన్నాయి. కానన్ పిలో 35, 50, 100 గీతలు మూడూ ఒకేసారి వెలుగుతాయి. కొత్తలో అది రైల్వే యార్డులోని పట్టాల్లా కనిపిస్తుంది, వారానికి అలవాటవుతుంది. కళ్లద్దాలున్నవాళ్లు మాత్రం కొనేముందు తప్పకుండా కంటికి ఆనించి చూడాలి. కానన్ పిలో 35 గీతలు నాకు ఎప్పుడూ పూర్తిగా కనపడలేదు, తలను అటూ ఇటూ తిప్పి వెతుక్కోవాలి. 0.72 కిటికీలో 28 గీతల గతీ అంతే. పైగా పాత కెమెరాల కంటి రింగు లోహపుది, అద్దాల మీద గీతలు పెడుతుంది. పలచని రబ్బరు ముక్క అంటిస్తే చాలు.

గీతల సంగతి వచ్చింది కాబట్టి 35నా, 50నా అన్న పాత తగువు కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. కెమెరా అడ్డంగా పట్టుకుని మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషిని చూడండి. 35 లెన్సులో ఎత్తు రెండు మీటర్ల పైన పడుతుంది కనుక తల నుంచి పాదాల దాకా వస్తాడు. 50లో దాదాపు మీటరున్నర, మోకాళ్ల దగ్గర తెగిపోతాడు. బీసెంట్ రోడ్డులో మూడు మీటర్ల కన్నా వెనక్కి జరగాలంటే చీరల కొట్లోకి వెళ్లాలి. కనుక వీధుల్లో తిరిగేవాళ్లకు 35. ఒక మనిషిని కూర్చోబెట్టి ముఖం తీసేవాళ్లకు, బ్రాడీపేట అరుగుల మీద తీరిగ్గా మాట్లాడుతూ తీసేవాళ్లకు 50. 40 మి.మీ. అన్నది రాజీ అంటారు కొందరు. నాకైతే అదే సహజమైన చూపుగా అనిపిస్తుంది. దానికి సరైన గీతలున్న కెమెరాలు తక్కువ కావడమే చిక్కు.

లెన్సు మార్చే అవసరమే లేదనుకుంటే పని ఇంకా సులువు. 1960, 70లలో జపాన్ వాళ్లు లెన్సు బిగించేసిన రేంజ్‌ఫైండర్లు లక్షల్లో చేశారు. మన పెళ్లి ఆల్బముల్లో నలుపు తెలుపు ఫోటోలు తీసిన మేనమామల చేతుల్లోనూ ఇలాంటివి కొన్ని ఉండేవి. యాషికా ఎలక్ట్రో 35లో 45 మి.మీ. ఎఫ్/1.7 లెన్సు, 1966లో మొదలైంది. వెలుతురు చూసి షట్టర్ వేగాన్ని తనే నిర్ణయించుకుంటుంది, మన చేతికి ఇవ్వదు. బ్యాటరీ లేకపోతే ఎప్పుడూ 500వ వంతే. దీనికి కావలసిన 5.6 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు రాదు, చిన్న తొడుగు పెట్టి 6 వోల్టులది వాడుకోవాలి. రీలు తిప్పేటప్పుడు లోపల "టక్" మని ఒక చప్పుడు వినబడాలి. రాకపోతే లోపలి రబ్బరు దిండు కరిగిపోయినట్టు, వెలుతురు లెక్క తప్పుతుంది.

కానన్ కానొనెట్ క్యూఎల్17 జి3, 1972 నాటిది, 40 మి.మీ. ఎఫ్/1.7. మొదటిసారి కొనేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇదే. బ్యాటరీ లేకున్నా అన్ని వేగాలూ పని చేస్తాయి, వెలుతురు కొలిచే మీటరు మాత్రమే ఆగిపోతుంది. ఆ మీటరుకు వాడిన 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టులది వేస్తే కొలత తప్పుతుంది. వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో దొరికే 675 రకం జింక్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది. చుట్టూ ఒక రబ్బరు రింగు తొడిగితే గూట్లో సరిగ్గా కూర్చుంటుంది. కొట్టులో "ఎవరికి సార్, నాన్నగారికా?" అని అడుగుతారు. కెమెరాకు అని చెబితే ఒక చూపు చూస్తారు. రెంటికీ సిద్ధపడి వెళ్లాలి. ఈ రెండు కెమెరాల షట్టరూ 500వ వంతు దాటదు కాబట్టి, పగలు తిరిగే రోజున 400 బదులు 100 గానీ 200 గానీ రీలు వేసుకోవడం మేలు.

లెన్సులు మార్చుకునే దారిలో రెండు బిగింపులు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి 39 మి.మీ. మర బిగింపు, పాత లైకాలు, కానన్లు, సోవియట్ కాలపు జోర్కీ, ఫెడ్ కెమెరాలు దానివే. రెండోది 1954 తరువాతి లైకా ఎం. మర లెన్సుకూ ఎం కెమెరాకూ మధ్య సరిగ్గా ఒక మిల్లీమీటరు మందం తేడా పెట్టారు, కనుక పలచని రింగు ఒకటి వేస్తే మర లెన్సులన్నీ ఎం కెమెరా మీద పని చేస్తాయి. ఎం లెన్సు మాత్రం మర కెమెరాకు ఎక్కదు. అంటే పాత కానన్ 50 ఎఫ్/1.8తో మొదలుపెట్టి, పదేళ్ల తరువాత లైకా కొన్నా ఆ లెన్సు మీతో వస్తుంది. రింగు కొనేటప్పుడు మీ లెన్సుకు తగిన గీతలు వెలిగించేదే అడగండి, 35కి ఒకటి, 50కి మరొకటి.

సోవియట్ సరుకు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. జోర్కీ 4, ఫెడ్, కీవ్ చవక. జూపిటర్ 8, ఇండస్టార్ 61 లెన్సుల బొమ్మ ధరకు మించినది. అయితే జోర్కీలో రీలు తిప్పి షట్టర్ ఎక్కించాకే వేగం మార్చాలి. ముందే మార్చితే లోపలి పళ్లు దెబ్బతింటాయి. ఇది తెలియకముందే ఒకదాన్ని పాడుచేసుకున్నాను, తప్పు పూర్తిగా నాదే. కీవ్‌కు కళ్ల ఎడం గొప్పది, కానీ కుడిచేతి వేలు రెండో కంటిని కప్పేస్తూ ఉంటుంది. ఇంకొక మెలిక: జూపిటర్ లెన్సుల లెక్క లైకా లెక్కకు కాస్త వేరు. జోర్కీ మీద చక్కగా ఉన్న జూపిటర్ 8, లైకా మీదో కానన్ మీదో దగ్గరి ముఖాలకు, పూర్తిగా తెరిచినప్పుడు, గురి తప్పుతుంది. కళ్లకు పెడితే చెవులు పదునుగా వస్తాయి.

కొత్త లెన్సుల్లో ఫోగ్ట్‌లాండర్ పేరుతో కొసీనా చేసిన 35 ఎఫ్/2.5 చిన్నది, గట్టిది, కిటికీకి అడ్డు రాదు. దాని 35 ఎఫ్/2 సాయంత్రాలకు ఇంకా మంచిది. జైస్ 50 ఎఫ్/2 ప్లానార్‌లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. జైస్ సీ సొనార్ 50 ఎఫ్/1.5 అందగత్తె, కానీ అపెర్చర్ మూస్తున్నకొద్దీ ఫోకస్ వెనక్కి జారుతుంది, ఆ జారుడు కిటికీలో కనిపించదు. లైకా సుమిక్రాన్ గొప్పదే. ఆ ధరలో మూడు వంతులు పేరుకు, ఒక వంతు గాజుకు అంటే లైకా అభిమానులు కొడతారు కాబట్టి సగం సగం అంటాను. ఎఫ్/1.4కీ ఎఫ్/2కీ తేడా 60వ వంతు, 125వ వంతుల మధ్య తేడా అంతే. అద్దం ఊగని కెమెరాలో 30వ వంతు కూడా చేత్తో నిలపవచ్చు. ఆ మిగిలిన డబ్బుకు రీళ్లు వస్తాయి.

చేతికి వచ్చిన కెమెరాను ఎలా చూడాలి? దూరపు గోపురమో, రైలు వంతెన స్తంభమో చూసి అనంతం దగ్గర బొమ్మలు కలుస్తున్నాయో లేదో మొదట చూడాలి. పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా తేడా ఉండకూడదు. తరువాత మీటరు దూరం. వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే చోట ట్రేసింగ్ కాగితం ఆనించి, షట్టర్‌ను బీ గుర్తు మీద (బటన్ నొక్కినంతసేపూ తెరిచి ఉంటుంది) తెరిచి పెట్టి, అపెర్చర్ పూర్తిగా తీస్తే కాగితం మీద బొమ్మ కనిపిస్తుంది. కిటికీలో కుదిరిన ఫోకస్, కాగితం మీదా కుదరాలి. దూరంలో సరిగా ఉండి దగ్గరలో తప్పేవి చాలా ఉన్నాయి. రెండో బొమ్మ మరీ వెలిసిపోయి ఉంటే లోపలి అద్దం పూత పోయినట్టు. పెద్ద కిటికీ నడుమ నల్ల టేపు ముక్క చిన్నది అంటిస్తే అది కాస్త తేటపడుతుంది, ఇది చిట్కా మాత్రమే, మరమ్మతు కాదు. ఒక సెకను వేగం పెట్టి చెవి దగ్గర వినండి. నత్తినత్తిగా ఆగితే లోపలి నూనె గట్టిపడింది. లెన్సులో టార్చి వేసి చూడండి, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు.

బూజుకు కృష్ణ గాలి పుట్టిల్లు. వానాకాలంలో కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడమంటే దానికి పెంపకం ఇచ్చినట్టే. గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పొట్లాల రంగు మారడం చూసి మార్చాలి. ఎండకాలం ప్రమాదం ఇంకొకటి. లైకా, జోర్కీల షట్టర్ గుడ్డది, దాని ముందు అద్దం కూడా అడ్డం ఉండదు. లెన్సు తెరిచి ఉంచి సూర్యుడి వైపు తిప్పి పెడితే, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టు గుడ్డకు చిల్లి పడుతుంది. మూత పెట్టండి. పెట్టిన మూత తీయడం గుర్తుంచుకోండి. రంగు రీలు కడిగే రసాయనం 38 డిగ్రీల దగ్గర ఉండాలి, మే నెలలో మా మేడ మీది ట్యాంకు నీళ్లు దాదాపు ఆ వేడిలోనే వస్తాయి. నలుపు తెలుపు రీలుకు 20 డిగ్రీలు కావాలి, దానికి ఐసు కొట్టుకు పరుగెత్తాలి.

ఆ బ్యారేజీ మీది కానన్ పి సంగతి చెప్పలేదు. రెండు నెలలకు అమ్మే ఆయన మళ్లీ ఫోన్ చేశారు, మెకానిక్‌కు చూపించి సరిచేయించానని. వెళ్లి అదే చోట నిలబడి చూశాను. గోపురం ఒక్కటే కనిపించింది, అంచులు కూడా చీలలేదు. ధర మాత్రం రెండైంది.